పేపరు చెబితే ఓటు పడుతుందా?

ఎన్నికలు వచ్చాయంటే పేపరు నిండా అవే వార్తలు. చదువు నేర్చిన ఆడవాళ్ళు ఇప్పుడు ఆ వార్తలు తామే చదువుకుంటున్నారు. ఇంకొకరు చదివి చెప్పాల్సిన పని లేదు. మరి పేపరు చదివి జనం ఓటు మార్చుకుంటారా?

అమెరికాలో ఒక అలవాటు ఉంది. ఎన్నికల ముందు అక్కడి పేపర్లు 'ఫలానా ఆయనకు ఓటు వేయండి' అని సంపాదకీయంలో బాహాటంగా రాస్తూ వచ్చాయి. సంపాదకీయం అంటే పేపరువాళ్ళు తమ సొంత అభిప్రాయం రాసే చోటు.

1948లో అమెరికా అధ్యక్ష పదవికి ట్రూమన్, డ్యూయీ పోటీ పడ్డారు. ఎక్కువ పేపర్లు డ్యూయీ వైపే ఉన్నాయి. 'చికాగో ట్రిబ్యూన్' అనే పేపరు లెక్కింపు పూర్తి కాకముందే డ్యూయీ గెలిచాడని పెద్ద అక్షరాలతో అచ్చు వేసింది. తీరా గెలిచింది ట్రూమన్! ఆ పేపరునే చేత్తో పైకెత్తి ట్రూమన్ నవ్వుతున్న ఫొటో లోకమంతా చూసింది. 2016లో కూడా పెద్ద పేపర్లు చాలావరకు హిల్లరీ క్లింటన్‌ను బలపరిచాయి. గెలిచింది ట్రంప్.

అయితే పేపరు మాటకు బలమే లేదా? ఉంది. బ్రిటన్‌లో 'సన్' అనే పేపరు ఏళ్ళ తరబడి కన్సర్వేటివ్ పార్టీని బలపరిచింది. 1997 ఎన్నికల్లో లేబర్ పార్టీ వైపు తిరిగింది. మరికొన్ని పేపర్లూ అలాగే తిరిగాయి. లేబర్ పార్టీ 659 సీట్లలో 418 గెలిచింది. ఇద్దరు పరిశోధకులు తర్వాత లెక్కలు తీశారు. అలా మాట మార్చిన పేపర్లు చదివేవాళ్ళు, మిగతావాళ్ళకన్నా ఎక్కువగా లేబర్ వైపు మళ్ళారని తేల్చారు.

ఎందుకలా? పెరుగు అమ్మే ఆవిడ తన పెరుగు బాగుందనే అంటుంది. ఆ మాట ఎవరూ పట్టించుకోరు. పక్కావిడ పెరుగు బాగుందని ఆమే చెబితే మాత్రం నమ్ముతారు. పేపరూ అంతే. ఎప్పుడూ పొగిడే పార్టీని మళ్ళీ పొగిడితే ఓటు కదలదు. ఎదుటి పార్టీని మెచ్చుకుంటే జనం ఆగి ఆలోచిస్తారు.

ఆంధ్రప్రదేశ్ సంగతి చూద్దాం. 1982 మార్చిలో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. ఈనాడు పత్రిక ఆ పార్టీని గట్టిగా బలపరిచింది. 1983 జనవరి ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. మరి గెలిపించింది పేపరేనా? 1981 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో నూటికి 75 మందికి పైగా ఆడవాళ్ళకు చదువు రాదు. వాళ్ళు సినిమాల్లో రామారావును చూశారు. ఆయన వ్యాను మీద ఊరూరా తిరిగితే చూశారు. రెండు రూపాయలకు కిలో బియ్యం అన్న మాట విన్నారు. పేపరు తోడయింది, నిజమే. కానీ పేపరొక్కటే గెలిపించలేదు.

ఇక్కడి పేపర్లు 'ఫలానా వారికి ఓటు వేయండి' అని నేరుగా రాయడం తక్కువ. వాటి ఇష్టం వేరే విధంగా బయటపడుతుంది. ఒకరి సభకు మొదటి పేజీ, పెద్ద ఫొటో. ఇంకొకరి సభకు లోపలి పేజీలో నాలుగు వరుసలు. ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్బు తీసుకుని అభ్యర్థి ప్రచారాన్ని వార్తలాగా అచ్చు వేయడం. దీన్ని పెయిడ్ న్యూస్ అంటారు. 2009 ఎన్నికల్లో ఇది బాగా జరిగిందని ఫిర్యాదులు వచ్చాయి. ప్రెస్ కౌన్సిల్ విచారించి 2010లో నివేదిక ఇచ్చింది.

ప్రకటన అని తెలిస్తే జాగ్రత్త పడతాం. వార్త అనుకుంటే నమ్మేస్తాం. చిక్కంతా అక్కడే.

అందుకని వార్త చదివేటప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ మాట అన్నది ఎవరు? రెండో పక్షం మాట ఇందులో ఉందా? ఈ పేపరు ఎవరిది? మన ఊరి బోరు గురించి, రేషను గురించి పేపరు రాసింది, కళ్ళతో చూసింది ఒకటేనా?

పేపరు సలహా చెప్పవచ్చు. బటన్ నొక్కేది మాత్రం ఓటరే. ఆ అడ్డుతెర వెనక పేపరు ఉండదు, భర్త ఉండడు, పెద్దమనిషి ఉండడు.

చేసి చూడండి: ఒకే సభ గురించి రెండు పేపర్లలో వచ్చిన వార్తలు తీసుకోండి. నలుగురూ కూర్చుని పైకి చదవండి. ఒక దానిలో ఉండి రెండో దానిలో లేని మాటల కింద గీత గీయండి.