పేరు పెట్టి పిలవండి

మన పల్లెల్లో చాలామంది బిడ్డలకు రెండు పేర్లుంటాయి. ఒకటి తల్లిదండ్రులు ప్రార్థించి పెట్టుకొన్నది. రెండవది వీధి పెట్టినది: కుంటోడు, నత్తోడు, మూగిది, మొద్దు. గోరంట్ల చుట్టుపక్కల గృహదర్శనమునకు వెళ్ళి, ఫలానా బిడ్డ ఇల్లు ఎక్కడని మేము అసలు పేరుతో అడిగితే ఇరుగుపొరుగువారు కాసేపు ఆలోచనలో పడతారు. ఆపైన వీధి పేరు గుర్తుకొచ్చి, "ఓ, ఆ నత్తోడా!" అని దారి చూపుతారు. ఇదేమిటంటే, "ముద్దుకు అంటాములేప్పా" అంటారు.

ఆ బిడ్డకు అది ముద్దుగా లేదు. వెక్కిరింతకు జడిసి నోరు తెరవడమే మానుకొంటాడు. బడిలో జవాబు తెలిసినా లేచి నిలబడడు. అప్పుడు మొద్దు అనే పేరు కూడా వచ్చి చేరుతుంది.

యోనాతాను కుమారుని సంగతి మీకు తెలిసినదే. సౌలు ఇంటివారిలో ఎవరైనా మిగిలి ఉన్నారా అని దావీదు అడిగితే, సీబా అతని పేరు చెప్పలేదు, కుంటితనము చెప్పాడు. అతడు ఎదుటికి రాగానే రాజు మాత్రము మెఫీబోషెతు అని పేరు పెట్టి పిలిచాడు. భోజనము వేరుగా పంపించక, తన బల్లయొద్దనే కూర్చుండబెట్టుకొన్నాడు.

మన కరువు సీమలో మరొక విధమైన బిడ్డలూ ఉన్నారు. సాలుకు 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ మెట్టనేలలో వేరుశనగ చేతికి రాని ఏట తల్లిదండ్రులు బెంగళూరుకు కట్టడపు పనులకు పోతారు. బిడ్డ అవ్వ దగ్గర ఉంటాడు. కొన్నాళ్ళకు తోటి పిల్లలను కొట్టడము, పొద్దున్నే బడివేళకు కడుపునొప్పి అనడము మొదలవుతుంది. ఊరు మొండోడు అని పేరు పెడుతుంది. అది మొండితనము కాదు, దిగులు. దానికి మాట దొరకక చేయి లేస్తుంది.

బిడ్డ ఏడుస్తాడని కొందరు తల్లులు వాడు నిద్రలో ఉండగానే బస్సెక్కుతారు. ప్రేమతోనే చేస్తారు గాని, ఆ మరునాటి నుండి బిడ్డకు నిద్రపోవాలంటేనే భయము. చెప్పి వెళ్ళండి, ఏడిస్తే ఏడవనివ్వండి. పండుగకు రాలేకపోతే ఆ మాట కూడా ఫోనులో మీరే చెప్పండి. "తింటివా, బడికి పోతివా" అని ఊరుకొనక, "ఈ పొద్దు ఎవరితో ఆడుకొన్నావు? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడగండి. అవ్వలారా, మగబిడ్డ ఏడవకూడదు అనే మాట మాత్రము అనకండి.

ఇక బడి సంగతి. 2009 విద్యాహక్కు చట్టము బడిలో కొట్టడమునే గాక మనస్సును నొప్పించి వేధించడమును కూడా నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించింది. నలభై శాతము, అంతకు మించి వైకల్యమున్న బిడ్డకు 6 నుండి 18 ఏండ్ల వరకు దగ్గరలోని బడిలోగాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలోగాని ఉచితముగా చదివే హక్కు ఇచ్చింది. వైకల్యమున్నవారిని అవమానించవలెనని పదిమంది ఎదుట తిట్టినవారికి ఆరు నెలల నుండి అయిదేండ్ల వరకు జైలుశిక్ష కూడా ఉంది. ముద్దుకు అనేవారు ఇది కాస్త గుర్తుంచుకోవాలి.

కనుక "వీడిని మేము చూసుకోలేము" అని ఎవరైనా పంపివేస్తే తలవంచుకొని రానక్కరలేదు. సదరం ధ్రువపత్రము తీసుకొని ఎం.ఇ.ఓ. కార్యాలయములో భవిత కేంద్రము గురించి అడగండి. ఇట్టి బిడ్డలకు నేర్పడానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు అక్కడ ఉంటారు. కదలలేని బిడ్డకు ఇంటివద్దనే నేర్పే ఏర్పాటు కూడా ఉంది.

అయితే, ఆటలో చేర్చుకోమని ఏ చట్టమూ పిల్లలకు చెప్పలేదు. ఆ పని ఇంట్లో మనము, తరగతిలో టీచరు చేయవలసినదే. చెవి సరిగా వినిపించని బిడ్డను ముందు వరుసలో, నెమ్మదైన స్నేహితుని ప్రక్కన కూర్చోబెట్టండి. కబడ్డీ ఆడలేని బిడ్డకు పాయింట్లు లెక్కపెట్టే పని ఇవ్వవచ్చు. మన పిల్లలు ఇంట్లో వీధి పేరు పలికినప్పుడు నవ్వక, "వాని పేరేమిటి నాయనా?" అని అడిగితే చాలు, రెండుమూడు సార్లకు వాళ్ళే మార్చుకొంటారు.

సండేస్కూలు టీచర్లకు ఒక మాట. క్రిస్మస్ నాటకములో నత్తి ఉన్న బిడ్డకు మాటలు లేని గొఱ్ఱె వేషము ఇవ్వడము కొన్నిచోట్ల వాడుక. గొల్లవాని వేషమివ్వండి. రెండు మాటలైనా వాని చేత చెప్పించండి. ఆ మాటలకు కాస్త ఎక్కువ సమయము పడితే సంఘము కూర్చొని వింటుంది. వేషములు పంచేది నవంబరులోనే గనుక ఇప్పటినుండే వానితో అభ్యాసము మొదలుపెట్టవచ్చు.