తుప్పు పట్టిన పాత కారు – దానిని నిలుపుకొను విధము

మన పాఠశాలకు పిల్లలను దింపుటకు వచ్చు వాహనములలో ఏటేట పాతవి తరిగిపోవుచున్నవి. అయినను మన సంఘపు కుటుంబములు కొన్నింటి వాకిట తండ్రిగారి నాటి ఫియట్టో, మామగారి నాటి అంబాసిడరో నేటికిని నిలిచియున్నది. దానిని అమ్ముటకు మనసు రాదు. నడుపుటకు ధైర్యము చాలదు. గత వార్షికోత్సవమునాడు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు ఈ విషయమే నన్నడిగిరి. నిలుచున్నచోట చెప్పిన నాలుగు మాటలు చాలలేదని తోచి, ఈ సంచికకు కొంత విస్తరించి వ్రాయుచున్నాను. నేను మెకానిక్కును కాను, విజ్ఞానశాస్త్రము బోధించువాడను. పెరంబూరు రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా పనిచేసిన మా నాయనగారి కారును కాపాడుకొను ప్రయత్నములో నేర్చుకొన్నది మాత్రమే ఇందు కలదు.

ఆ కారు 1978వ సంవత్సరపు ప్రీమియర్ పద్మిని. 2015 డిసెంబరు వరదలలో మా వీధిలో నీరు దాని తలుపుల సగమువరకు వచ్చి రెండు దినములు నిలిచినది. నీరు తీసిన పిమ్మట సీట్లు ఎండబెట్టి, ఇంజను నూనె మార్చి, బండి నడచుచున్నదని తృప్తిపడితిమి. మూడేండ్లకు అక్కడక్కడ రంగు పొక్కులెత్తగా ఒక టింకరింగు షెడ్డున ఇచ్చితిని. పది దినములు ఉంచుకొని అద్దమువలె మెరయునట్లు రంగు వేసి యిచ్చిరి. ఆ యేడే ఒకనాడు నా కుమార్తెను బడికి దింపి వచ్చుచుండగా వెనుక ఏదో గలగల శబ్దము వినవచ్చెను. ఇంటికి వచ్చి చాప యెత్తి చూచితిని. పాప కాళ్లు పెట్టుకొను చోట నేలరేకు నా బొటనవ్రేలి ఒత్తిడికే లోనికి పోయెను. ఆ కన్నములోనుండి వాకిటి ముగ్గు కనబడెను. మెరయుచున్న రంగు క్రింద ఇంత జరుగుచుండెనని తలచుకొన్నప్పుడు ఇప్పటికిని ఒడలు జలదరించును.

తుప్పు స్వభావము తెలిసినచో ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. రాగికి పట్టు చిలుము పలుచని పొరగా అంటుకొని క్రిందనున్న లోహమును కొంత కాపాడును. ఇనుము తుప్పు అట్టిది కాదు. తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి, పెళ్లలుగా లేచి, క్రొత్త ఇనుమును గాలికి తడికి అప్పగించుచుండును. రంగు పొక్కులెత్తుటకు కారణమిదే. పొక్కు కనబడునాటికి లోపలి పని చాలవరకు అయిపోయియుండును. ఇక రెండవ సంగతి. తుప్పు పట్టుట ఒక చిన్న విద్యుద్ఘటము పనిచేయుట వంటిది. నీటిబిందువు అంచుల యందు ప్రాణవాయువు హెచ్చు, నడుమ తక్కువ. ఇనుము కరగుట నడుమనే, అనగా గాలి తక్కువైన చోటనే జరుగును. అందుచేత రెండు రేకులు ఒకదానిపై నొకటి అతికిన సందులలోను, పుట్టీ క్రిందను, తడిసిన చాప క్రిందను రేకు ముందు తినబడును. ఉప్పు కలసిన నీరు విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును గనుక సముద్రపుటొడ్డున నున్న మన చెన్నపట్టణమున గాని, యానాము వంటి చోట గాని ఈ వ్యాధి వేగముగా ముదురును. బెంగళూరు బండికి మన బండికి వయస్సొకటే అయినను ఆయుస్సొకటి కాదు.

పద్మినికి వేరుగా చట్రము లేదని పెక్కుమందికి తెలియదు. లారీకి ఉన్నట్టి ఇనుప దూలముల చట్రము దీనికి లేదు. నేలరేకు, తలుపుల క్రింది పెట్టెవంటి అంచులు, స్తంభములు, పైకప్పు అన్నియు కలిసి బరువు మోయును. అంబాసిడరు కూడ ఇట్టిదే. ఒకప్పుడు మన మదరాసు శివారులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డు మాత్రము వేరు చట్రముపై బోల్టులతో బిగింపబడినది. ఫియట్టున తలుపు క్రింది అంచు, మన పనివారు రన్నింగుబోర్డు అనునది, కుళ్లినదన్న అందము చెడినదని కాదు, ఇంటి దూలము చెడినదని అర్థము. అట్టి బండికి ఎదురుదెబ్బ తగిలినచో లోపలివారిని కాపాడవలసిన గోడలే ముడుచుకొని పోవును.

కావున కొనునప్పుడు గాని, ఉన్నదానిని పరీక్షించునప్పుడు గాని రంగును చూడరాదు. పలుచని అయస్కాంతమును ఒక గుడ్డలో చుట్టి రేకుమీద జరుపుచు పోవలెను. అది పట్టు విడిచిన చోట పుట్టీ మందముగా నున్నదని తెలియును. చాపలన్నియు ఎత్తవలెను. స్క్రూడ్రైవరు పిడితో క్రిందినుండి తట్టినచో మంచి రేకు కణకణమనును, కుళ్లినది డబడబమనును. వెనుక పట్టీల స్ప్రింగులు బిగించు చోట్లు, జాకీ పెట్టు చోట్లు, చక్రపు కమానులు, డిక్కీలో స్టెప్నీ క్రింది పల్లము, ముందు అద్దపు క్రింది అంచు, తలుపుల అడుగు, ఇవి ముఖ్యమైనవి. తలుపుల అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రములు కలవు. అవి మట్టితో పూడినచో ప్రతి వానకును తలుపు ఒక తొట్టి యగును. చీపురుపుల్లతో ఏడాదికి రెండుమార్లు వానిని తెరచుట కంటె చవుకైన వైద్యము నాకు తెలియదు. బ్రేకు నూనె పోవు సన్నని ఉక్కు గొట్టములను మాత్రము మరువరాదు. అవి తుప్పుపట్టి చిల్లుపడినచో హెచ్చరిక ఉండదు.

మరమ్మతుకు వత్తము. నా మొదటి షెడ్డువారు చేసినది కన్నముపై జాలి పెట్టి, పుట్టీ పూసి, ఉప్పుకాగితముతో రుద్ది, రంగు కొట్టుట. అది మరమ్మతు కాదు, మరుగు. రెండవమారు తెలిసిన పనివాని వెదకి, ప్రతి దశను ప్రక్కన నిలిచి చూచితిని. కుళ్లిన రేకును మెరయు ఇనుము వచ్చువరకు కోసివేయవలెను. పొదుపు పేర కొంత తుప్పు మిగిల్చినచో అతుకు నిలువదు. అయితే రన్నింగుబోర్డు కోయుటకు ముందు, తలుపు ద్వారమునకు అడ్డముగా ఇనుపకమ్మి నొకదానిని తాత్కాలికముగా అతికించవలెను. లేనిచో బండి నడుము కొంచెము వంగి, పని ముగిసిన పిమ్మట తలుపులు మూతపడవు. ఆ కమ్మి పెట్టుటకు మా పనివాడు మొదట ఒప్పుకొనలేదు. "ఎన్ని బండ్లు చేసినాను సార్, నాకు తెలీదా?" అనెను. నేను వినలేదు. అర్ధగంట పనియే గదా.

క్రొత్త రేకు సుమారు ఒక మిల్లీమీటరు మందముది, అనగా 20 లేక 18 గేజిది, పాతదాని ఆకృతికి వంచి పెట్టవలెను. గ్యాసు మంటతో అతికినచో పలుచని రేకు వేడికి మెలితిరుగును. తీగతో అతుకు మిగ్ యంత్రము మేలు. ఒకే గీతగా లాగక, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్కగా వేడి చల్లారనిచ్చుచు అతికించవలెను. ఆ పనికి ముందే బ్యాటరీ తీగ విప్పి, సీట్లు చాపలు తీసి, పెట్రోలు ట్యాంకును బండినుండి దింపి దూరముగా పెట్టవలెను. ఖాళీ ట్యాంకు ప్రమాదము లేనిదనుకొనుట ఘోరమైన పొరపాటు. నిండు ట్యాంకుకంటె ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే ప్రేలుటకు అనువైనది. ట్యాంకు అతుకును తెలియనివారు ముట్టరాదు.

అతికిన పిమ్మట రెడ్ ఆక్సైడు ఒక పూత వేసి చాలించుట మన షెడ్డులలో వాడుక. ఆ పూత సన్నని రంధ్రములు కలది. పై రంగు లేనిచో తేమను పీల్చును. జింకు ఎక్కువగా గల ప్రైమరో, ఎపాక్సీ ప్రైమరో వేయించుట మంచిది. జింకు బకెట్టు ఇనుముకు బదులు తాను కరగి ఇనుమును కాపాడు విధము మన పిల్లలు పాఠములలో చదువుచునే యున్నారు. అతుకుల సందులలో సీలరు నింపి, పెట్టెవలె మూసియున్న భాగముల లోపలికి మైనము వంటి ద్రవమును సన్నని గొట్టముతో చిమ్మించవలెను. తుప్పుమీదనే నల్లని రబ్బరు పూత పూయించుట రోగిని దుప్పటిలో చుట్టుట వంటిది. బండి అడుగున వాడిన ఇంజను నూనె పూయు అలవాటును నేను సమర్థింపను. అది రబ్బరు బుష్షులను చెరచును, బ్రేకులలోనికి జారవచ్చును, నేలను పాడుచేయును.

రేకు బలముగనే యుండి పైపైన మాత్రము తుప్పున్న చోట దానిని మార్చివేయు ద్రవములు దొరకును. వానిలో కొన్ని ఫాస్ఫారికు ఆమ్లముతో, కొన్ని టానిను అను వగరు పదార్థముతో చేసినవి. మన పెద్దలు అన్నభేది, కరక్కాయ కలిపి నల్లసిరా చేసుకొన్న సంగతి పలువురు వినియుందురు. కరక్కాయ వగరు, అన్నభేదిలోని ఇనుము కూడి నల్లబడుటయే ఆ సిరా. టానిను ద్రవము తుప్పును నల్లగా మార్చి స్థిరపరచుటయు అదే ధర్మము. కాని రేకు సగము తినబడిన చోట ఇది పనికిరాదు. నల్లబడిన కన్నము కూడ కన్నమే.

చిన్న భాగములకు, అనగా నట్లు, కీలులు, బిగింపుపట్టీల వంటివానికి, మరియొక ఉపాయము కలదు. ప్లాస్టికు తొట్టిలో నీరు పోసి చాకలిసోడా కలిపి, తుప్పుపట్టిన వస్తువును పాతకాలపు బ్యాటరీ చార్జరు ఋణధ్రువమునకు, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువమునకు తగిలించినచో, ఒక రాత్రిలో తుప్పు మెత్తబడి కుంచెతో రాలిపోవును. స్టెయిన్‌లెస్ ముక్క వాడరాదు. దానిలోని క్రోమియము విషపదార్థముగా నీటిలో కలియును. వెలువడునది మండు హైడ్రోజను గనుక ఆరుబయటనే చేయవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు. తీసిన వెంటనే కడిగి, ఎండబెట్టి, పూత వేయవలెను. మన గాలిలో తడి ఇనుము ఒక పూటలోనే మరల ఎర్రబడును.

విడిభాగముల సంగతి వేరొక పురాణము. ఈ కారు 1964లో ఫియట్ 1100 డిలైటుగా మనదేశమున మొదలై, 1970వ దశకమున పద్మిని అను పేరు ధరించి, 2000 ప్రాంతమున ఆగిపోయినది. ముంబయిలో టాక్సీలుగా తిరిగినన్నాళ్లు సామాను తయారుచేయువారు, అమ్మువారు ఉండిరి. 2023 అక్టోబరుతో ఆ టాక్సీల కాలమును ముగిసినది. కాని సరకు లోకమున లేకపోలేదు, చెల్లాచెదరై యున్నది. చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు క్రొత్త సామానునకు, పుదుపేట విప్పిన బండ్ల సామానునకు ప్రసిద్ధి. బెంగళూరున జె.సి. రోడ్డు, కలకత్తాలో మల్లిక్ బజారు, ఢిల్లీలో మాయాపురి ఇట్టివే.

పుదుపేటలో తిరిగిన మొదటి దినమున నేను వట్టిచేతులతో వచ్చితిని. "ఫియట్టు ముందు చక్రపు సామాను కావలెను" అని అడిగినచో ఎవరును లేవరు. రెండవమారు పాడైన వస్తువునే సంచిలో వేసికొని పోయితిని. ఒక దుకాణపు పెద్దాయన దానిని తిప్పి చూచి, నా తమిళపు యాసను పట్టి, "ఏం నైనా, తెలుగువాళ్లా? దీని మీద నెంబరు చూడకుండానే ఊరంతా తిరిగినావా?" అని నవ్వెను. మన చెన్నపట్టణపు తెలుగున ఈ 'నైనా' అను పిలుపు వినని వీధి అరుదు. ఆయన చెప్పిన రహస్యము చాల చిన్నది. కారునకు కారు భాగములన్నియు ప్రత్యేకములు కావు. బేరింగు అంచున చెక్కిన సంఖ్య ప్రపంచమంతట ఒక్కటే. 6204 అన్నచో లోపలి రంధ్రము 20 మిల్లీమీటర్లు, వెలుపలి కొలత 47, మందము 14. చివరి రెండంకెలను అయిదుతో హెచ్చించినచో రంధ్రపు కొలత వచ్చును. 04 మొదలు పైకి ఈ లెక్క పనిచేయును. అట్టి బేరింగు పంపుసెట్ల దుకాణములోనైనను దొరకును. ఆయిలు సీలులకు మూడు కొలతలు చాలును. బ్రేకు సిలిండరు అరిగినచో దానికి లోపల క్రొత్త గొట్టము దిగగొట్టి లేతుమీద సరిచేయువారు కలరు. తలుపుల రబ్బరు బీడింగును కోతముక్క చూపినచో అదే ఆకృతిలో తీసియిచ్చు రబ్బరు పనివారు కలరు. వెదకవలసినవి నిజముగా కొన్నియే: వంపు గల ముందు అద్దము, దీపపు చుట్టు కట్టులు, స్టీరింగు పెట్టెలోని పండ్లచక్రములు, మడ్‌గార్డు రేకులు. ఇటలీలో ఈ తరగతి ఫియట్లను ప్రేమించువారు నేటికిని ఉన్నారు గనుక కొన్ని అక్కడినుండియు తెప్పించుకొనవచ్చును; అయితే కొలతలు సరిచూడనిదే సొమ్ము పంపరాదు, ఇచటి బండిలో కాలక్రమమున మార్పులు జరిగినవి.

స్టీరింగునకు, బ్రేకునకు సంబంధించిన భాగములను మాత్రము వాడినవి కొనవలదని నా దృఢాభిప్రాయము. పాత సామాను కొన్నప్పుడు చీటీ అడిగి తీసికొనవలెను. దొంగసొత్తు కావచ్చునన్న భయమొకటి, ఇంజను మార్చినచో దాని సంఖ్యను రిజిస్ట్రేషను పత్రమున ఎక్కించుకొనుటకు ఆధారము మరియొకటి. రేకు మార్చునప్పుడు చాసిస్ సంఖ్య గల భాగమును కోయరాదు, దానిపై అతుకు వేయరాదు. పదునైదేండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను అయిదేండ్ల కొకమారు పునరుద్ధరించుకొనవలెను. 2021లో వచ్చిన నిబంధనల మేరకు ఏబదియేండ్లు మించిన, మూలరూపము చెడని కార్లను పురాతన వాహనములుగ నమోదు చేయించుకొనవచ్చును గాని, అట్టి నమోదు పొందినదానిని నిత్యము బడికి, కార్యాలయమునకు తిప్పుటకు వీలులేదు. ప్రదర్శనలకు, మరమ్మతునకు, ఇంధనమునకు మాత్రమే వీధికి తీయవలెను. ఈ సంగతి తెలియక తొందరపడవలదు. ఇంధనమన్నప్పుడు ఒక మాట: 2025 నాటికి పెట్రోలులో ఇరువది వంతుల ఇథనాలు కలియుచున్నది. అది నీటిని ఆకర్షించును, పాత రబ్బరు గొట్టములను ఉబ్బించును. గొట్టములను ఇథనాలుకు తట్టుకొనువానితో మార్చి, బండిని నెలలతరబడి నిలిపియుంచక నడుపుచుండుట మేలు.

మా పద్మిని నేల, రెండు ప్రక్కల రన్నింగుబోర్డులు మారి ఇప్పటికి ఆరు వానకాలములు గడచినవి. 2023 డిసెంబరు తుపానునాడు ముందురోజే ఎత్తైన వంతెనమీదికి చేర్చితిమి. ప్రతి కార్తికమాసము చివర చాపలెత్తి తట్టి చూచుట నా కుమార్తె పని. ఆమెకిప్పుడు శబ్దభేదము నాకంటె బాగుగా తెలియును. ఎడమవైపు వెనుక తలుపు అద్దము త్రిప్పు యంత్రమొకటి ఇంకను దొరకలేదు. ఎవరి యింటనైనను పాత పద్మిని సామాను మూలబడి యున్నచో పాఠశాల కార్యాలయమున చీటీ వ్రాసి యుంచగోరుచున్నాను. వచ్చి చూచుకొని, వెలయిచ్చి తీసికొందును.