పసిపిల్లల నిద్ర భంగిమ

పసిపిల్లల నిద్ర భంగిమ అనగా ఏడాది లోపు శిశువును నిద్రకు పడుకోబెట్టే విధానం. శిశువును వెల్లకిలా, అంటే వీపు పరుపుకు ఆని ముఖం పైకి ఉండేటట్లు పడుకోబెట్టడం అన్నిటికన్నా క్షేమమని శిశువైద్యులు చెబుతారు. ఇది రాత్రి నిద్రకే కాక పగటి కునుకులకు కూడా వర్తిస్తుంది. బోర్లా పడుకున్నా, ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్నా నిద్రలో ఆకస్మికంగా మరణించే ప్రమాదం పెరుగుతుంది. తెలుగువారి ఇళ్ళలో శిశువును ఉయ్యాలలో వెల్లకిలా వేయడం పాత అలవాటే. అయితే చుట్టూ పేర్చే దిండ్లు, మెత్తటి బొంతలు, పాలు కక్కుతారనే భయంతో పక్కకు తిప్పి పడుకోబెట్టడం వంటివి ఆ అలవాటు వలన కలిగే మేలును తగ్గిస్తాయి.

ఆకస్మిక శిశు మరణం

ఆరోగ్యంగా కనిపించిన శిశువు నిద్రలో చనిపోయి, శవపరీక్ష చేసినా, మరణించిన చోటును పరిశీలించినా, పూర్వపు ఆరోగ్య వివరాలు చూసినా కారణం తెలియకపోతే దానిని ఆకస్మిక శిశు మరణం అంటారు. ఆంగ్లంలో దీనికి గల పేరు 1969లో స్థిరపడింది. క్లుప్తంగా సిడ్స్ అని వ్యవహరిస్తారు. ఇటువంటి మరణాలు రెండవ నెల నుండి నాలుగవ నెల వరకు ఎక్కువగాను, ఆరు నెలలు దాటిన తరువాత చాలా తక్కువగాను సంభవిస్తాయి.

దీనికి ఒకే కారణం లేదు. బోర్లా పడుకున్న శిశువు ముక్కు పరుపులోకి ఒదిగినప్పుడు తాను విడిచిన గాలినే మళ్ళీ పీలుస్తుంది. అందులో ప్రాణవాయువు తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటుంది. సాధారణంగా ఇటువంటప్పుడు శిశువు మేలుకొని తల తిప్పుకోవాలి. కొందరు శిశువులలో మెదడులోని మేలుకొలిపే వ్యవస్థ ఇంకా పక్వానికి రాదు. పైగా బోర్లా పడుకున్న శిశువుకు నిద్ర గాఢంగా పట్టి, ఒంటి వేడి కూడా తేలికగా బయటకు పోదు. "బోర్లా వేస్తే హాయిగా నిద్రపోతాడు" అని పెద్దలు అనే మాట నిజమే. ప్రమాదం కూడా ఆ గాఢనిద్రలోనే ఉంది.

భారతదేశంలో ఇటువంటి మరణాల లెక్క తేలడం కష్టం. శిశువులకు శవపరీక్ష జరగడం అరుదు. చాలా మరణాలను ఊపిరితిత్తుల జబ్బుగానో, పాలు గొంతుకు అడ్డుపడినట్లుగానో భావించి ఊరుకుంటారు. 2020 నమూనా నమోదు గణాంకాల ప్రకారం వెయ్యి జననాలకు శిశు మరణాలు తెలంగాణలో 21, ఆంధ్ర ప్రదేశ్‌లో 24, దేశం మొత్తంలో 28. వీటిలో అత్యధికం నెలలు నిండని కాన్పులు, అంటువ్యాధులు, ప్రసవ సమయపు ఇబ్బందుల వలన జరిగేవి. లెక్కకు రాని కొద్దిపాటి మరణాలలో పాలిచ్చి పడుకోబెట్టిన తల్లినే ఇంటిల్లిపాది తప్పుపట్టడం కద్దు.

చరిత్ర

బోర్లా పడుకోబెట్టమనే సలహా పాశ్చాత్య దేశాలలో వైద్యుల ద్వారానే వ్యాపించింది. అమెరికా శిశువైద్యుడు బెంజమిన్ స్పాక్ రాసిన, కోట్ల ప్రతులు అమ్ముడుపోయిన పుస్తకం 1950ల చివరి నుండి ఈ సలహానే ఇచ్చింది. వెల్లకిలా ఉన్న శిశువు వాంతి చేసుకుంటే ఊపిరాడదన్నది అందుకు చెప్పిన కారణాలలో ఒకటి. తరువాత నెదర్లాండ్స్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశాల పరిశోధకులు చనిపోయిన శిశువులను, బతికి ఉన్న శిశువులను పోల్చి చూసి బోర్లా నిద్రకు, మరణానికి ఉన్న సంబంధాన్ని నిర్ధారించారు. నెదర్లాండ్స్‌లో 1987లోను, బ్రిటన్, న్యూజీలాండ్‌లలో 1991లోను ప్రచారం మొదలైంది. అమెరికా శిశువైద్యుల సంఘం 1992లో సలహా మార్చుకోగా, 1994లో అక్కడ దేశవ్యాప్త ప్రచారం ప్రారంభమైంది. పదేళ్ళలోపే అక్కడ సిడ్స్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మందూ మాకూ లేకుండా, పైసా ఖర్చు లేకుండా ఇంత ఫలితం వచ్చిన సందర్భాలు వైద్య చరిత్రలో ఎక్కువ లేవు.

2005లో రూత్ గిల్బర్ట్ బృందం పాత పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి పరిశీలించింది. 1970 నాటికే ఆధారాలు సరిపడా ఉన్నాయని, అప్పుడే వాటిని క్రోడీకరించి ఉంటే ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా ప్రాంతాలలో కనీసం 50,000 మంది శిశువులు బతికేవారని తేల్చింది.

పాలు కక్కడం గురించిన భయం

వెల్లకిలా ఉన్న శిశువు పాలు కక్కితే అవి ఊపిరితిత్తులలోకి పోతాయనే భయం నేటికీ బలంగా ఉంది. శరీర నిర్మాణం చూస్తే ఈ భయం తీరుతుంది. మెడలో శ్వాసనాళం ముందువైపు, ఆహారనాళం దాని వెనుక ఉంటాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి కనుక, పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి వెళ్ళాలంటే ఎత్తుకు ఎక్కవలసి ఉంటుంది. బోర్లా ఉన్నప్పుడు ఇది తలకిందులవుతుంది. పాలు పట్టిన తరువాత శిశువును భుజాన వేసుకుని తేన్పు వచ్చేవరకు వీపు నిమిరి, ఆపైన వెల్లకిలా పడుకోబెడితే సరిపోతుంది.

పక్కకు తిప్పి పడుకోబెట్టడం మధ్యేమార్గంలా అనిపిస్తుంది కాని ఆ భంగిమ నిలవదు. శిశువు కొంతసేపటికి బోర్లాకు దొర్లిపోతుంది. దొర్లకుండా అటూ ఇటూ పెట్టే దిండ్లే ముఖానికి అడ్డుపడవచ్చు.

తల ఆకారం

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు వేయడం తెలుగు ప్రాంతాలలో పరిపాటి. ఏడాది లోపు నిద్రలో ఏ దిండూ అవసరం లేదు. ఎప్పుడూ వెల్లకిలా ఉంటే తల వెనుక భాగం కొంత చదును కావచ్చు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దలు దగ్గర ఉండి, కొంతసేపు బోర్లా ఉంచితే ఇది తగ్గుతుంది, మెడ కూడా నిలుస్తుంది. చాచిన కాళ్ళ మీద శిశువును బోర్లా వేసుకుని నూనె మర్దనా చేసి నీళ్ళు పోసే మన అమ్మమ్మల పద్ధతిలో ఈ వ్యాయామం కొంత ఎప్పటి నుండో ఉంది.

తొట్టెల, చీర ఉయ్యాల

తెలంగాణలో 21వ రోజున శిశువును ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుకను తొట్టెల అంటారు. (బోనాలలో అమ్మవారికి సమర్పించే తొట్టెలు వేరు.) అడుగు చదునుగా ఉన్న చెక్క తొట్టెలలో గట్టి పరుపు వేసి వాడుకోవచ్చు. చీర ఉయ్యాలలో మాత్రం శిశువు వీపు విల్లులా వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. పసివారి శ్వాసనాళం మెత్తనిది, సన్ననిది కనుక ఆ వంపులో గాలి దారి ఇరుకవుతుంది. బట్ట ముఖం మీద పడే అవకాశం కూడా ఉంది. ఏటవాలుగా ఉండే శిశువుల పడకలను, తొట్టె లోపల చుట్టూ కట్టే మెత్తలను అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. చీర ఉయ్యాలలో ఊపి జోకొట్టినా, నిద్ర పట్టాక చదునైన చోటికి మార్చడం మేలు.

ఒంటిగది ఇళ్ళలో

శిశువు తల్లిదండ్రుల గదిలోనే, కాని వేరే పడకపై నిద్రించాలన్నది వైద్యుల సలహా. హైదరాబాదు తూర్పున నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న బస్తీలలో ఒకే గదిలో కుటుంబమంతా పడుకునే ఇళ్ళు అనేకం. అక్కడ వేరే మంచం అనే మాటకు అర్థం లేదు. తల్లి పక్కనే నేలపై చాప పరచి, దానిపై మందపాటి దుప్పటిని ముడతలు లేకుండా మడిచి వేసి శిశువును వెల్లకిలా ఉంచితే చాలు. మంచం మీద నుండి పడే భయం కూడా ఉండదు. శిశువుకు, మరో పిల్లవాడికి ఒకే దుప్పటి కప్పరాదు. మద్యం తాగినవారు, పొగ తాగేవారు, మత్తు కలిగించే మందులు వాడేవారు పక్కన పడుకోవడం మిక్కిలి ప్రమాదం. నెలలు నిండకుండా పుట్టినవారికి, బరువు తక్కువవారికి ఇంకా ఎక్కువ. సోఫాలో శిశువును ఎత్తుకుని నిద్రపోవడం అన్నిటికన్నా చెడ్డది.

రేకుల ఇళ్ళలో వేసవి వేడి మరొక సమస్య. బాలింత గది వెచ్చగా ఉండాలని కిటికీలు మూసి, శిశువుకు టోపీ, మేజోళ్ళు వేసి గుడ్డలో చుట్టడం ఏప్రిల్, మే నెలలలో తగదు. మెడ వెనుక చెమట పడితే బట్టలు ఎక్కువైనట్లే. సాంబ్రాణి పొగ, దోమల బత్తి, సిగరెట్టు పొగ శిశువు ఉన్న గదిలో ఉండరాదు. దోమతెర మంచిది, 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన కేసీఆర్ కిట్‌లో కూడా దోమతెర ఇచ్చేవారు. తెర ముఖం మీదికి జారకుండా బిగువుగా ఉండాలి. ఆసుపత్రిలో కాన్పు అయిన తరువాత 3వ రోజు నుండి 42వ రోజు వరకు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి వచ్చే కార్యక్రమం 2011 నుండి ఉంది. పడక ఎలా ఉందో ఆమెకు చూపించి అడగవచ్చు.

బోర్లా పడిన తరువాత

శిశువు తొలిసారి బోర్లా పడినప్పుడు బొబ్బట్లు చేసి పంచడం తెలుగువారి ఆచారం. సాధారణంగా ఇది నాలుగవ నెల నుండి ఆరవ నెల మధ్య జరుగుతుంది. ఆ తరువాత కూడా నిద్రకు వెల్లకిలానే వేయాలి. అయితే అటు నుండి ఇటు, ఇటు నుండి అటు తనంతట తాను దొర్లగలిగిన శిశువు నిద్రలో బోర్లా తిరిగితే మళ్ళీ మళ్ళీ లేచి సరిచేయనక్కరలేదు. బోర్లా పడడం మొదలైన నాటి నుండి శిశువును గుడ్డలో చుట్టడం మాత్రం పూర్తిగా మానాలి.

మినహాయింపు

బరువు తక్కువగా పుట్టిన శిశువును తల్లి ఛాతీపై ఒంటికి ఒళ్ళు తగిలేలా నిలువుగా ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. ఇందులో శిశువు పొట్ట తల్లి వైపుకే ఉంటుంది. తల ఒక పక్కకు తిప్పి, ముక్కు, నోరు కనబడేలా ఉంచి, తల్లి కొంచెం ఏటవాలుగా కూర్చుని చేసే ఈ పద్ధతిని ఆసుపత్రి సిబ్బంది నేర్పుతారు. తల్లికి నిద్ర ముంచుకొస్తే శిశువును పట్టుకునే గుడ్డ బిగించి ఉండాలి, లేదా ఇంట్లో మరొకరు అందుకోవాలి.