వల, రూపకము, సమాన ధర్మము

అలంకారములను నేర్చుకొను వేదాంత విద్యార్థి మొదట తడబడునది ‘ఉపమానము’ అను మాట దగ్గరనే. మన తెలుగు బైబిలులో ఉపమానమనగా ప్రభువు చెప్పిన కథ. అలంకార శాస్త్రములోనైతే అది పోలికకు తెచ్చుకొన్న వస్తువు మాత్రమే. దేనిని గూర్చి చెప్పుచున్నామో అది ఉపమేయము. రెండింటికిని కలిసిన గుణము సమాన ధర్మము. ‘వలె’ వంటివి ఉపమావాచకములు. ‘వలె’ తొలగించి, ఇదే అది అని చెప్పినయెడల రూపకమగును. పరీక్షకు ఇంత చాలును. ప్రసంగికుడు తేల్చుకొనవలసినది మాత్రము సమాన ధర్మమును.

నెల్లూరు జిల్లా బోగోలు మండలములోని జువ్వలదిన్నె వంటి మత్స్యకార గ్రామములో మత్తయి 4:19 మీద ప్రసంగించు పాస్టరుగారిని తలంచుకొందము. ఉపమేయము శిష్యుల సేవ, ఉపమానము చేపల వేట. సమాన ధర్మమేది? ఓపిక, రాత్రి శ్రమ, కలిసి వల లాగుట అని మనము చెప్పుదుము. అయితే ఎదుట కూర్చున్నవారు వలలో పడిన చేప గతి ఎరిగినవారు. అది చచ్చును, బజారుకు పోవును. పైగా తెలుగులో ఒకనికి వల వేయుట అనగా మోసగించుట! ఈ అర్థమును తొలగింపక ముందుకు సాగినచో, వినవచ్చిన పొరుగువాడు తన్ను చేపగా ఎంచుకొని లేచిపోవును. అందులో అతని తప్పేమియు లేదు.

పాత నిబంధనలోను ఈ రూపకము భయంకరమైనదే. యిర్మీయా 16:16, ఆమోసు 4:2, హబక్కూకు 1:14-17 చూడుడి. అక్కడ వేట, గాలము, వల తీర్పునకును చెరకును గురుతులు. ప్రభువు ఆ భయపు మాటనే తీసికొని దాని ముఖము త్రిప్పెను. లూకా 5:10లోని గ్రీకు క్రియ ‘జోగ్రెయో’. ప్రాణముతో పట్టుట అని దాని అర్థము. యుద్ధములో శత్రువును చంపక చెరపట్టుటకు వాడబడిన మాట అది. మనము సాధారణముగా చదువు అనువాదములో ‘ప్రాణముతో’ అను భావము కనబడదు గనుక పాస్టరుగారే దానిని చెప్పవలెను. పోలిక పట్టుట వరకే. చావు దగ్గర అది తెగిపోవును.

సముద్రము ఇక ఉండదను ప్రకటన 21:1 మరింత కష్టము. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధమైతేనే ఇల్లు గడవని వారికి అది వాగ్దానమా, శిక్షయా? ఆ గ్రంథములో సముద్రము ప్రతీక. 13:1లో మృగము పైకి వచ్చునది దానిలోనుండియే. 2004 డిసెంబరు 26న సునామీని చూచిన తీరమునకు ఆ ప్రతీకను ఎక్కువ వివరింప నక్కరలేదు. అయినను దానితోకూడ యెహెజ్కేలు 47:10ని చదివి వినిపించుట మంచిది. దేవాలయమునుండి పారు నీటిని గూర్చిన ఆ దర్శనములో జాలరులు గట్టున వలలు పరచుచునే యున్నారు.