గాజుతొట్టిలో పొత్తు కుదురు వింతచేపలు

పెద్దచేప చిన్నచేపను మ్రింగుటకు మన పూర్వులు మత్స్యన్యాయమని పేరిడిరి. రాజదండము లేని దేశమున ఈ న్యాయమే నడచునని కౌటిల్యుని అర్థశాస్త్రము హెచ్చరించుచున్నది. చెఱువులో ఈ న్యాయము నిత్యము నడచుచున్నను, చిన్నచేపకు దాగుకొనుటకు తుంగయు నాచును, పాఱిపోవుటకు వలసినంత చోటును కలవు. మూడడుగుల గాజుతొట్టిలో పాఱిపోవుటకు చోటు లేదు. అచ్చట రాజు తొట్టి నమర్చినవాడే. ఏ చేపను ఏ చేపతో కాపురముంచవలెనో నిర్ణయింపవలసినవాడును అతడే.

బంగారుచేపలను, గప్పీలను చూచి చూచి విసిగి, ఎవ్వరియింటను లేని చేపను తెచ్చి పెట్టవలెనని కోరు విద్యార్థులు కలరు. కోరిక మంచిదే. కాని దుకాణమున ఒక్కొక్క చేపను విడివిడిగా చూచి ముచ్చటపడి, అయిదాఱు జాతులను ఒక్కమాఱే ఇంటికి తెచ్చినచో, నెల తిరుగకముందే తొట్టిలో ఒకటి రెండు మాత్రమే మిగులవచ్చును. జబ్బు చేసినదనియో, నీరు చెడినదనియో అనుకొందురు గాని, పొత్తు కుదరని కాపురమని పలువురకు తోచదు. అట్టి విద్యార్థులకును, వారి వేడుకకు సొమ్ము వెచ్చించు తలిదండ్రులకును ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము మధ్యమపరిమాణము గల తొట్టియని చెప్పునది 3 అడుగుల పొడవును, 16 అంగుళముల వెడల్పును, 18 అంగుళముల యెత్తును గలది. అంచువఱకు నింపినచో సుమారు 170 లీటరుల నీరు పట్టును. అడుగున రెండంగుళముల ఇసుక పోసి, పైన రెండు వ్రేళ్ల చోటు విడిచినచో అందు నిలుచు నీరు 135 లీటరులు. లీటరు నీరు కిలోగ్రాము తూగును గనుక, గాజును ఇసుకను కలిపికొని చూడగా బరువు సుమారు 200 కిలోగ్రాములగును. పుస్తకముల బల్లమీద దానిని నిలుపరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు. గాలి నూదు యంత్రమును, నీటిని వడగట్టు యంత్రమును దుకాణమువారే చూపుదురు. వాని వివరములలోనికి పోము. ఒక్క సంగతి మాత్రము చెప్పక తప్పదు. చేపల విసర్జనమునుండి పుట్టు అమోనియా చేపలకే విషము. ఇసుకలోను వడపోతలోను పెరుగు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగాను మార్చును. ఈ జీవులు కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు తొట్టిలోనికి జనమును చేర్పరాదు.

పొత్తు అనునది చేపకు చేపకు మాత్రమే సంబంధించిన విషయము కాదని 1850లోనే ఒకరు కనుగొనిరి. లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రవేత్త 12 గాలనుల తొట్టిలో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచెను. మొక్క విడుచు ప్రాణవాయువు చేపకును, చేప విడుచు మలినము మొక్కకును ఉపయోగపడునని ఆయన తలంపు. కొలదికాలమునకు మొక్క యాకులు క్రుళ్లి, పాచి పెరిగి, నీరు మసకబాఱెను. అప్పుడాయన కొన్ని నత్తలను విడిచెను. అవి క్రుళ్లినదానిని తినివైచి తొట్టిని తేటపఱచెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలయందు చేపలకొక మందిరము తెఱువబడెను. గాజుతొట్టి వేడుక ఇంటింట వ్యాపించెను. ఆ మొదటి తొట్టికి కొఱతపడినది మఱింత అందమైన చేప కాదు, నత్త.

ఇక చేపలను ఎన్నుకొనుటను గూర్చి. మొదట చూడవలసినది రంగు కాదు, నోరు. తన నోట పట్టు చేపను చేప చెలికానిగా నెంచదు. అమెజాను నదినుండి వచ్చిన ఏంజెలు చేప పళ్లెమువలె పలుచనై, రాణివలె మెల్లగా తిరుగుచుండును. దానిని చూచినవారు సాధుజంతువనియే తలంతురు. అంగుళమునకు కొంచెము మించిన నియాను టెట్రాలను దానితో ఉంచినచో, పెరిగిన పిమ్మట వానిని ఒక్కొక్కటిగా మ్రింగును. మన జెల్ల యింకను గడుసుది. మీసములు గల యీ చేప పగలంతయు ఱాతిచాటున పండుకొని యుండును. దీపమార్పిన పిదప వెలికివచ్చి నిద్రించుచున్న చిన్నచేపలను పట్టును. ఉదయమున లెక్క తప్పినను దొంగ దొరకడు.

వానకాలమున వరిమళ్లయొద్దను, చెఱువు గట్లయొద్దను ఎఱ్ఱని చేపపిల్లలు గుంపుగ తిరుగుచుండుటను మన బాలురు చూచియుందురు. కొందఱు వానిని సీసాలలో పట్టి తెత్తురు. ఇవి కొఱ్ఱమీను పిల్లలు. తెలంగాణ రాష్ట్రము 2016లో కొఱ్ఱమీనును రాష్ట్రమత్స్యముగా ఎంచుకొన్నది. ఆ గౌరవమునకు అది తగినదే. పైకి వచ్చి గాలి పీల్చుకొనగలదు, పిల్లలను కాచుకొనగలదు. కాని ఎఱ్ఱదనము కొన్ని వారములలో పోవును, ఒడలు రెండడుగులకు మించి పెరుగును, ఆకలి దానికి తగినట్లే యుండును. మూడడుగుల తొట్టిలో అది వెనుకకు తిరుగుటయే కష్టము. అంతగా ఆ కులముపై మక్కువ గలవారు ఛన్నా గచువా యను పొట్టిజాతిని పెంపవచ్చును. అది ఎనిమిదంగుళములకు మించదు. మగచేప గ్రుడ్లను తన నోటిలో దాచి కాపాడును. అయితే తొట్టియంతయు దానికే విడిచిపెట్టవలెను. పొత్తు ప్రసక్తి లేదు.

ఈ వరుసలో మిక్కిలి చెఱుపు చేయునది "గాజును శుభ్రపఱచు చేప" యను పేర అమ్ముడుపోవు దక్షిణ అమెరికా శాకరు చేప. దుకాణమున అది రెండంగుళములుండును. గాజున కంటుకొని పాచిని గీకుచుండగా పిల్లలకెంతయో ముచ్చట. ఏడాది రెండేండ్లలో అడుగు పొడవు దాటును. తల్లి విసుగుకొనును, చంపుటకు చేతులు రావు, చెఱువులో విడుతురు. అంతటితో తొట్టి కథ ముగిసినను చెఱువు కథ మొదలగును. ఎముకవంటి పలకలతో కప్పబడిన యొడలికి మొనదేఱిన ముండ్లు గలవు. వలలో పడినచో వల చినుగును. గట్టు మట్టిలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. కొనువాడు లేడు, తినువాడు లేడు. తెలుగు జాలరులు దీనిని దయ్యపుచేప యని పిలుచుచున్నారు. కృష్ణా గోదావరీ ప్రాంతముల నీళ్లలో ఇది ఇప్పటికే నెలకొన్నది. వల చినిగిన గంగపుత్రునికి ముదిరాజునకు ఆనాటి కూలి పోయినట్లే. చేపను కొనుటకు ముందు "ఇది పూర్తిగా పెరిగినచో ఎంత యుండును?" అని యొక్క ప్రశ్న అడిగిన బాలుడు ఈ నష్టమునంతయు తప్పించినవాడగును. దుకాణదారు చెప్పకున్నచో కొనక వచ్చివేయుడు.

నోరును, పొడవును చూచిన పిదప నీరు చూడవలెను. మన ప్రాంతపు బోరుబావుల నీరు తఱచుగా కఠినజలము. నీరు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కట్టుటయే దానికి గుఱుతు. 1936లో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన నియాను టెట్రా యెగువ అమెజాను ప్రాంతపు మెత్తని నీటిలో పుట్టినది. దానిని ఇచ్చటి నీటిలో నిలుపుటకు పడు ప్రయాస మాకు వ్యర్థముగ తోచును. విదేశపు చేపయే కావలెనన్నచో న్యూగినీ ద్వీపమునందలి అయామరు సరస్సుల చేప మేలు. ముందు సగము నీలము, వెనుక సగము నారింజపండు రంగు, నాలుగంగుళములు పెరుగును, సాధువు, కఠినజలమే దానికి ఇష్టము. 1980లో బోజ్మను అను డచ్చి శాస్త్రజ్ఞుని పేర దీనికి నామకరణము జరిగినది. ఇవి ఆఱు ఉన్నచో తొట్టి నిండినట్లే.

ఎండకాలమును గూడ తలంపవలెను. 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి గల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు; 30 డిగ్రీలయందు అది 7½ మిల్లీగ్రాములకు దిగును. వైశాఖమాసమున మెదకులో ఎండ 40 డిగ్రీలు దాటునప్పుడు నీటి వేడిమి పెరుగును, ప్రాణవాయువు తగ్గును. చేపకో, వేడిమివలన ఆకలియు ఆయాసమును హెచ్చును. చలికాలమున ఇరువది చేపలను పోషించిన తొట్టియే వేసవిని పండ్రెండింటిని పోషింపలేకపోవచ్చును. కావున లెక్కను వేసవినిబట్టియే వేసికొనవలెను.

ఇంతవఱకు చెప్పినది విని, వింతచేప లభించుట దుర్లభమని నిరాశపడ నక్కఱలేదు. వింత దూరదేశమునుండియే రావలెనన్న నియమము లేదు. ఫ్రాన్సిసు హామిల్టను అను స్కాట్లండు వైద్యుడు బంగాళమున కంపెనీ కొలువు చేయుచు, గంగానది చేపలను చిత్తరువులతో వర్ణించి 1822లో ఒక గ్రంథమును ప్రకటించెను. మేము క్రింద చెప్పబోవు నాలుగు చేపలకును శాస్త్రనామము లభించినది ఆ యొక్క గ్రంథముననే.

మొదటిది గాజుచేప. రెండు మూడంగుళముల యీ చేప ఒడలు పారదర్శకము. వెన్నెముకను, ప్రక్కయెముకలను, వెండివలె మెఱయు సంచిలో నున్న ప్రేగులను బయటనుండియే లెక్కింపవచ్చును. శరీరశాస్త్ర పాఠమునకు ఇంతకంటె మంచి యుపకరణము లేదు. ఉప్పునీటిలో గాని బ్రదుకదని దుకాణములలో చెప్పుదురు. అది మన చెఱువుల మంచినీటిలో పుట్టి పెరుగు చేపయే. దీనికి కావలసినది ఉప్పు కాదు, కదలుచున్న ఆహారము: దోమపిల్లలు, నీటి పురుగులు. (దోమపిల్లలను పట్టిననాడే తొట్టిలో వేయవలెను, మఱునాటికి దాచినచో ఇంటివారి కోపమునకు పాత్రులగుదురు.) ఆఱింటికి తక్కువ కాకుండ ఉంచినచో ధైర్యముగ తిరుగును, ఒంటరిది మొక్కచాటునుండి వెలికిరాదు. ఆకుపచ్చ, గులాబి, నీలము రంగుల గాజుచేపలు అంగళ్లలో కనబడినచో వానిని కొనకుడు. అవి పుట్టురంగులు కావు. సూదితో చర్మముక్రింద రంగు నెక్కించుటవలన ఏర్పడినవి. ఆ గాయమువలన అనేకము చచ్చును; బ్రతికినవాని రంగును కొన్ని నెలలలో వెలసిపోవును. కొనువారుండుటచేతనే ఆ సూది పనిచేయుచున్నది.

రెండవది బొమ్మిడాయికి తమ్మునివంటిది. బొమ్మిడాయిని మనమందఱము పులుసులో నెఱుగుదుము. అది రెండడుగులు పెరుగును గనుక తొట్టికి పనికిరాదు. పంకాలసు అను దాని చిన్నజాతి ఆఱేడంగుళములకు మించదు. పామువంటి ఒడలు, వీపున వరుసగ ముండ్లు, ముందునకు సాగి కదలుచుండు ముక్కు. పగలు ఇసుకలో దూరి ముక్కును కన్నులను మాత్రము వెలికి పెట్టి చూచుచుండును. క్రొత్తగా తెచ్చినవారు చేప పోయినదని వెదకికొందురు. ఇసుక మెత్తనిది కావలెను. గరుకు కంకరలో దూరినచో చర్మము చీరుకొని పుండ్లు పడును. దీని నోరు చిన్నది. పెరిగిన చేపల జోలికి పోదు, రొయ్యపిల్లలను మాత్రము మిగుల్చదు. వానపాము ముక్కలనిన ప్రాణము.

మూడవది చారలచేప. దానియో రేరియో యను పేర లోకమందలి ప్రయోగశాలలన్నిట ప్రసిద్ధము. 2013లో దాని జన్యుపటము పూర్తిగా ప్రకటింపబడెను. మన దుకాణమున మాత్రము మిక్కిలి చౌక. రెండంగుళముల చేప, పైనీటిలో ఎడతెగక పరుగులిడును. చౌకయని దానిని చిన్నచూపు చూచుట తగదు. పదింటిని కలిపి విడిచినచో ఒక్క త్రాటికి కట్టినట్లు మలుపు తిరుగును.

నాలుగవది తోకయొద్ద నల్లచుక్క గల టిక్టో యను పరక. వలలలో చిల్లరచేపలతో పడునది. చుఱుకైనది, ఓర్పు గలది, ఏది పెట్టినను తినును. ఈ చుఱుకుదనమే గాజుచేపకు శత్రువు. గాజుచేప నోరు తెఱచులోపల పరక ఆహారమునంతయు ముగించును. కావున నడిమినీటికి గాజుచేప గాని, పరక గాని, ఒక్కదానినే యెన్నుకొనవలెను. మా యోటు గాజుచేపకే. పైని పది చారలచేపలు, నడుమ ఆఱు గాజుచేపలు, అడుగున రెండు పంకాలసులు: 135 లీటరుల నీటికి ఇవి చాలును. ఒక్కొక్కటి తన యంతస్తున తిరుగును. ఒకదాని నోట మఱియొకటి పట్టదు. మూడింటికిని మన నీరు సరిపడును.

దుకాణమున దొరకనివానిని జాలరులయొద్ద అడుగవచ్చును. వల లాగినప్పుడు గట్టున పాఱవేయు చిల్లరచేపలలో గాజుచేపలును పరకలును కలవు. వెల పెద్దగా ఉండదు. చెఱువులలో చేపల హక్కు సాధారణముగ మత్స్యకారుల సహకారసంఘములకు ఉండును గనుక వారిని అడిగియే తీసికొనవలెను. పోచారము అభయారణ్యమున అనుమతి లేక ఏ ప్రాణిని పట్టుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టమునకు విరుద్ధము. తెచ్చిన చేపలను రెండు వారములు వేఱుతొట్టిలో నుంచి, తెల్లమచ్చలు గాని, పుండ్లు గాని లేవని చూచుకొని పిదప పెద్దతొట్టిలోనికి విడువుడు.

విడుచు వరుసయును ముఖ్యమే. ముందు వచ్చినది స్థలము తనదని యెంచును. కావున బిడియము గల గాజుచేపలను మొదటను, రెండు వారములకు పంకాలసులను, తుంటరులగు చారలచేపలను కడపటను చేర్పవలెను. పొడి ఆహారమును తొట్టికి ఒక కొనను చల్లి, చారలచేపలన్నియు అటు మూగినప్పుడు రెండవ కొనను దోమపిల్లలను విడిచినచో గాజుచేపలకు వాని వంతు దక్కును. పంకాలసులకు దీపమార్పిన అరగంటకు మేత వేయవలెను. వానికి మఱియొక దురలవాటు కలదు: గాలిగొట్టము పోవు కంతగుండ పైకి ప్రాకి నేలమీద పడును. మూతను బిగించి, గొట్టముచుట్టునున్న సందులో స్పాంజి ముక్కను క్రుక్కవలెను.