పసిపిల్లలతో కడలియొడ్డున ఒక ఉదయము



మన పల్లెలనుండి కుటుంబములు పిల్లాజెల్లాతో సముద్రతీరమునకు పోవుట నేడు సర్వసాధారణమైనది. పూర్వము కార్తిక మాఘమాసములలో పర్వస్నానమునకు మాత్రమే పోయెడివారము. ఇప్పుడు ఆదివారము వచ్చిన చాలును. పులిహోర మూట, మంచినీళ్ల సీసాలు ఆటోలో పెట్టుకొని తెల్లవారకమునుపే బయలుదేరుదురు. ఇది మంచిదే. తాతయు మనుమడును ఒక్క యిసుకలో కూర్చుండి ఆడుకొనుటకు ఇంతకంటె మేలైన తావు నాకు తెలియదు. అయినను అచ్చట పెద్దవారు కనిపెట్టవలసిన విషయము ఒకటి కలదు. దానిని చెప్పుటకే ఈ ప్రసంగము.

ముందు పోవలసిన వేళ. రాత్రి నేల త్వరగా చల్లబడును, సముద్రము అంత త్వరగా చల్లబడదు. కావున వేకువను గాలి నేలనుండి కడలివైపు మెల్లగా వీచును. ప్రొద్దెక్కి నేల కాగిన పిమ్మట గాలి దెస మాఱి, కడలినుండి బలముగా వీచును. అలలు చిందరవందర యగును. పసివారికి ఎండ కూడ పడదు. తొమ్మిదిగంటలలోపల మఱలుట యుక్తము.

సంస్కృతమున ‘వేలా’ శబ్దమునకు సమయమనియు, హద్దనియు, సముద్రతీరమనియు, పోటనియు అర్థములు కలవు. కడలియొడ్డున హద్దు గంటగంటకు మాఱును గదా! మన తీరమున దినమునకు సుమారుగా రెండుమాఱులు పోటు, రెండుమాఱులు పాటు వచ్చును. పోటువేళ ప్రతిదినమును సుమారు 50 నిమిషములు ఆలస్యమగుచుండును. అమావాస్యా పౌర్ణములకు సూర్యచంద్రుల ఆకర్షణ ఒక్కవరుసను కలియుటచే పోటు హెచ్చు. మనము పుణ్యస్నానమునకు ఎంచుకొను దినములును అవియే! స్నానము మానుడని నేననను. ఆ దినములలో పసివారిని ఒడ్డుననే కూర్చుండబెట్టి నెత్తిపై నాలుగు చుక్కలు చల్లుడు. పుణ్యమునకు లోటు రాదు. (2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పౌర్ణమినాడే వచ్చినది. దానికి చంద్రుడు కారణము కాడు. సుమాత్రా చెంత సముద్రగర్భమున పుట్టిన భూకంపము కారణము.)

మొన్నటి మాఘమాసమున నేను కొడుకు, కోడలు, ఇరువురు మనుమలతో బాపట్ల చెంతనున్న సూర్యలంకకు పోయితిని. ఎఱ్ఱని పీతలు అడుగుల చప్పుడునకే బొరియలలో దూరుచుండెను. పెద్దవాడు పొడియిసుకతో గుడి కట్టబోగా అది కూలెను. తడియిసుకతో కట్టగా నిలిచెను. కారణమడిగినాడు. ఇసుకరేణువుల నడుమ నుండు పలుచని నీటిపొర వానిని ఒకదానికొకటి పట్టి యుంచును. నీరు మఱీ యెక్కువైనచో ఆ పట్టు సడలి జాఱిపోవును. వానిచేత మూడుమాఱులు కట్టించి చూపితిని. బడిపంతులు పని విడిచినను ఆ పని నన్ను విడువలేదు.

చిన్నది నా చేయి పట్టుకొని చీలమండలోతు నీట నిలిచి, ‘‘తాతయ్యా, నా కాళ్లక్రింద ఎవరో త్రవ్వుచున్నారు!’’ అని కేరెను. వెనుకకు పోవు అల అరికాళ్లక్రింది యిసుకను ఈడ్చుకొనిపోవుటయే అది. ఈ చిన్నవేడుకయే పెద్దదైనచో ప్రాణాపాయమగును.

కొంతసేపటికి మా కోడలు దూరముగా చూపి, ‘‘మామయ్యగారూ, అచ్చట అలలు లేవుగదా, పిల్లలను అచ్చట ఆడనిత్తమా?’’ అని యడిగెను. ఏ తల్లికైనను తోచు మాటయే. వినుడు. అలలు నీటిని ఎడతెగక ఒడ్డునకు త్రోయుచుండును. ఆ నీరు తిరిగి పోవలెను. అది యిసుకతిన్నెల నడుమ లోతైన త్రోవ చేసికొని, కాలువవలె కడలిలోనికి పరుగెత్తును. లోతుండుటచే అచ్చట అలలు విఱుగవు. ఇరుప్రక్కల తెల్లని నురుగు, నడుమ నల్లని నునుపైన నీరు కనబడిన, అది శాంతస్థలము కాదు, లాగుడుత్రోవ. ఆ వేగము ఒక్కొక్కప్పుడు ఈతలో ఆఱితేఱినవానిని మించును. నడుములోతు నీటనున్న పెద్దవానినే కదల్చునది, పసివానిమాట చెప్పవలెనా? ఈ సంగతి చెప్పగా, ఆమె చిన్నదానిని ఎత్తుకొని ఇవతలికి వచ్చెను.

ఆ ప్రవాహము మనిషిని అడుగునకు లాగదు, దూరమునకు కొనిపోవును. దానికెదురీది అలసినవారే మునుగుదురు. చిక్కినవాడు వెల్లకిల తేలి, చేయెత్తి కేకవేయవలెను. ఈతవచ్చినవాడు ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ త్రోవ దాటిన పిమ్మట ఒడ్డుకు తిరుగవలెను. ఒడ్డుననున్నవారు వెంటనే దుముకరాదు. అట్లు దుమికి, ఒకరిని రక్షింపబోయి మఱియొకరు పోవుట కలదు. కాపలావారిని పిలువవలెను, 112కు ఫోను చేయవలెను. హైదరాబాదునందలి జాతీయ సముద్ర సమాచారకేంద్రము ఉధృతమైన అలలను గూర్చి ముందే హెచ్చరికలు వెలువరించును. పోవుటకు ముందటిదినమున ఇంటిలోని చదువుకొన్న పిల్లలచేత చూపించుకొనుడు.

పసివారు నీటనున్నంతసేపు ఒక పెద్దవాడు చేతికందు దూరమున నుండవలెను. వాని చేత సెల్‌ఫోను ఉండరాదు. ఒక పొడుగాటి మోకు, మూత బిగించిన ఖాళీ నూనెడబ్బా బండిలో వేసికొని పొండు. మోకు కొనకు డబ్బా కట్టి విసరినచో నీటనున్నవానికి అది తేలుచు పట్టుకొమ్మగును.