ఇంటి బీరు అమ్మకానికి వెళ్లే ముందు

ఇంట్లో చేసిన బీరు బాగుందని నలుగురు మెచ్చుకోగానే ‘దీన్నే వ్యాపారంగా పెడితే?’ అన్న ఆలోచన పుడుతుంది. అమెరికాలోని చిన్న బ్రూవరీల్లో చాలావాటి పుట్టుక అలాంటిదే. మెచ్చుకున్నవాళ్లు డబ్బిచ్చి తాగలేదన్న సంగతి ఆ ఉత్సాహంలో గుర్తుకు రాదు.

అక్కడ ఇంటి బీరుకు దేశమంతటికీ వర్తించే అనుమతి వచ్చింది 1979లో. అంతకు ముందు ఏడాది అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏటా 200 గాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు, పన్ను లేకుండా చేసుకోవచ్చు. ఒక్క సీసా కూడా అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడమే నేరం. తెలంగాణ 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది కానీ, ఇంట్లో చేసి చెయ్యి తిరిగేలా నేర్చుకునే వీలు ఇక్కడ లేదు. అమెరికావాళ్లకు అదే పెద్ద బడి.

అనుమతికి ముందే మొదలైన ఆ బడి నుంచి బయటికొచ్చిన ఇద్దరి కథ చూస్తే లెక్క తేలికగా అర్థమవుతుంది. జాక్ మెకాలిఫ్ 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో ‘న్యూ ఆల్బియన్’ పెట్టాడు. ఒక్కో బ్యాచ్ 45 గాలన్లు, అంటే 170 లీటర్లు. 355 మిల్లీలీటర్ల సీసాల్లో పోస్తే 480 దాకా వస్తాయి. ఇబ్బంది ఎక్కడంటే, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని మర పట్టాలి, వేడినీళ్లలో గంటసేపు నానబెట్టాలి, వడకట్టాలి, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి ఇంకో గంట మరిగించాలి, చల్లార్చాలి, గిన్నెలన్నీ కడగాలి. 170 లీటర్లకైనా వెయ్యి లీటర్లకైనా రోజంతా పట్టే పనే. బీరుకు పేరొచ్చింది, రాబడి చాల్లేదు. 1982లో మూతపడింది. దాని సామాను హాప్లాండ్‌లోని మెండొసీనో బ్రూయింగ్‌కి చేరింది.

రెండోవాడు కెన్ గ్రాస్‌మన్. చీకో పట్టణంలో ఇంటి బీరు సామాన్ల దుకాణం నడిపేవాడు. పాల్ కముసీతో కలిసి ‘సియెర్రా నెవాడా’ మొదలుపెట్టినప్పుడు పది బ్యారెళ్ల పాత్రలు పెట్టుకున్నాడు. బ్యారెల్ అంటే 31 గాలన్లు. పది కలిపితే 1,170 లీటర్లకు పైనే. అంత చిన్న బ్రూవరీకి సరిపడే కొత్త యంత్రాలు కొనే స్తోమత లేదు. పాత డెయిరీ ట్యాంకులు తెచ్చి, వెల్డింగ్ చేసి అమర్చుకున్నారు. 1980 నవంబరులో తొలి బ్యాచ్ దిగింది. ఆ తర్వాత చేసిన పేల్ ఏల్ అనే రకం బీరు బ్యాచ్‌లను మాత్రం వరసపెట్టి పారబోశారు. తాగడానికి పనికిరాక కాదు, ఒకదాని రుచి ఇంకోదానికి కలవక.

ఇంట్లో చేసేవాళ్లకు తట్టనిది ఇదే. ఇంట్లో రుచి మారితే అది ‘కొత్త ప్రయోగం’. కొట్లో మారితే చెడిపోయిన సరుకు. మారడానికి కారణాలూ ఉన్నాయి. ఈస్ట్‌కి మొదట్లో ఆక్సిజన్ కావాలి. 19 లీటర్ల డబ్బాని చేత్తో ఊపితే సరిపోతుంది, ట్యాంకును ఎవరూ ఊపలేరు. పులిసేటప్పుడు వేడి పుడుతుంది. చిన్న డబ్బాలో అది గోడల్లోంచి బయటికి పోతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకులో, పేడదిబ్బ నడుమలాగా, లోపలే నిలిచిపోతుంది. 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఏల్ అదుపు తప్పి పైకెక్కితే ఘాటు వాసనలొస్తాయి. అందుకే ట్యాంకు చుట్టూ చల్లటి ద్రవం తిరిగే తొడుగు పెడతారు. కాబట్టి వ్యాపారం కావాలనుకున్నవాడు కొత్త రకాల మోజు కాస్త ఆపి, ఒకే రకాన్ని అదే రుచితో మళ్లీ మళ్లీ తీయగలడేమో ఇంట్లోనే చూసుకోవాలి.

ఆ తర్వాతే కాగితాలు. అమెరికా కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చే దరఖాస్తుకు రుసుము లేదు, కానీ స్థలం ఎక్కడ, పరికరాలేమిటి, డబ్బు ఎక్కడిది అన్నీ చెప్పాలి. అంటే అనుమతికి ముందే చోటు చూసుకోవాలి; అమ్మకం లేని నెలలకూ అద్దె కట్టాలి. ఈ నెలల ఖర్చు లెక్కలో వేసుకోనివాళ్లే తొందరగా దెబ్బతింటారని నా అనుమానం. అగ్రిమెంటు రాసుకునే ముందే ఊరి కార్యాలయంలో రెండు సంగతులు అడగాలి: ఆ వీధిలో బ్రూవరీ ఒప్పుకుంటారా, చక్కెర, ఈస్ట్ కలిసిన కడుగునీళ్లను మురుగుకాలువలోకి వదలనిస్తారా. లీటరు బీరుకు నాలుగైదు లీటర్ల నీళ్లన్నా ఖర్చవుతాయి మరి.

అమ్మకం సంగతికొస్తే, డిస్ట్రిబ్యూటర్ చేతికిచ్చిన పీపా మీద కంటే సొంత కౌంటర్లో పోసిన గ్లాసు మీద మిగిలేది ఎక్కువ. చాలా రాష్ట్రాలు బ్రూవరీలోనే గ్లాసు అమ్మనిస్తున్నాయి. కొత్తగా పెట్టేవాళ్లు ట్యాంకుల పక్కనే నాలుగు బల్లలు వేసేది అందుకే.